వఫాఖ్ అడిగితే విభజన అన్నారు

కొన్నేళ్ల కిందట ఒక జిల్లా కేంద్రంలో రాష్ట్రాల హక్కుల మీద సభ జరిగింది. పన్నుల్లో వాటా గురించి, గవర్నర్ల పెత్తనం గురించి వక్తలు గట్టిగానే మాట్లాడారు. ఢిల్లీ ముందు చెయ్యి చాపే బతుకు ఇంకా ఎన్నాళ్లని ఒకాయన అడిగితే హాలంతా చప్పట్లు. ఆ తర్వాత మాలో ఒకరు లేచి, ఇదే మాట 1946లో మౌలానా ఆజాద్ చెప్పారు, అప్పుడే వినాల్సింది అన్నారు. చప్పట్లు లేవు. వెనక వరసలోంచి "ఇంకో పాకిస్తాన్ కావాలా?" అని ఒక గొంతు వినపడింది. కొందరు నవ్వారు. అధ్యక్షుడు తర్వాతి వక్తను పిలిచాడు.

ఆ నవ్వు మమ్మల్ని చాలాకాలం వదల్లేదు. కేంద్రానికి ఇన్ని అధికారాలెందుకన్న ప్రశ్న ఇతరులు అడిగితే ఆత్మగౌరవం అవుతుంది. మేము అడిగితే దేశద్రోహం అవుతుంది. ఎన్.టి.రామారావు 'కేంద్రం మిథ్య' అన్నప్పుడు తెలుగు ఓటరు ఆయన దేశభక్తిని శంకించలేదు. మరి మా దగ్గరికి వచ్చేసరికి ఈ శంక ఎక్కణ్ణించి పుట్టింది? ఈ దేశం గణతంత్రంగా రూపుదిద్దుకున్న ఆ మూడు నాలుగేళ్ల చరిత్రలోకి వెళితే తప్ప దీనికి జవాబు దొరకదు.

ముందు మాటల సంగతి చూద్దాం. మేము రెండు భాషల్లో బతికేవాళ్లం. తెలుగులో సమాఖ్య అనేదాన్ని ఉర్దూలో వఫాఖ్ అంటారు. ఇత్తెఫాఖ్ అన్న మాట ఏ ధాతువు నుంచి వచ్చిందో వఫాఖ్ కూడా అందులోంచే వచ్చింది. పొందిక, ఒప్పుదల అని దాని అర్థం. నలుగురూ కూర్చుని, మాట్లాడుకుని, ఒప్పుకుని కలిసి ఉండటం. కేంద్రాన్ని మర్కజ్ అంటారు. ఒప్పుదల లేకుండా కూడా మర్కజ్ ఉండొచ్చు. మొఘలులకు ఉంది, ఇంగ్లీషువాళ్లకు ఉంది. కొత్త గణతంత్రానికి పునాది ఒప్పుదల కావాలా, కేంద్రం బలం కావాలా అన్నదే 1946 నుంచి 1949 దాకా నడిచిన వాదన.

ఆజాద్ చెప్పిన దారి

1940 నుంచి 1946 దాకా కాంగ్రెస్ అధ్యక్షుడు మౌలానా అబుల్ కలాం ఆజాద్. 1946 ఏప్రిల్ 15న ఆయన ఒక ప్రకటన చేశారు. అందులో మొదట పాకిస్తాన్ కోరికను తోసిపుచ్చారు. కొన్ని నేలలు పాక్, కొన్ని నాపాక్ అని భూమిని పంచడం ఇస్లాం స్వభావానికే విరుద్ధమన్నారు. దాంతో ఆగిపోలేదు. ముస్లింల భయాన్ని వట్టి భ్రమ అని కొట్టెయ్యలేదు. రాష్ట్రాలకు పూర్తి స్వయంప్రతిపత్తి ఉండాలి, మిగులు అధికారాలన్నీ వాటికే ఉండాలి, కేంద్రానికి తప్పనిసరి అంశాలు కొన్నే ఉండాలి, మిగతావి రాష్ట్రాలు ఇష్టపడి అప్పగిస్తేనే కేంద్రానికి చేరాలి అన్నారు. ఇలా చేస్తే భయం క్రమంగా తగ్గుతుందని, ఆపైన మనుషులు మతం పేరుతో కాకుండా బతుకుతెరువు ప్రశ్నల మీద చీలతారని ఆయన ఆశ.

ఆ ఏడాది మే 16న వచ్చిన కేబినెట్ మిషన్ పథకం ఈ ఆలోచనకు దగ్గరగానే ఉంది. విదేశీ వ్యవహారాలు, రక్షణ, రవాణా సమాచార సంబంధాలు అనే మూడింటినీ, వాటికి కావలసిన డబ్బు సమకూర్చుకునే అధికారాన్నీ కేంద్రానికి ఇచ్చి, మిగతావన్నీ రాష్ట్రాలకు వదిలింది. అయితే రాష్ట్రాలను మూడు గ్రూపులుగా కలపాలంది. ఆ గ్రూపుల దగ్గరే తగువు వచ్చింది. లీగు, కాంగ్రెస్ రెండూ ఎవరి అర్థం వాళ్లు చెప్పుకుంటూ ఒప్పుకున్నాయి. జులై 10న బొంబాయిలో నెహ్రూ, రాజ్యాంగ సభలోకి వెళ్లడానికి తప్ప దేనికీ కట్టుబడలేదన్నారు. జులై చివర్లో జిన్నా తన ఒప్పుదల వెనక్కి తీసుకున్నారు. ఆగస్టు 16న కలకత్తా వీధుల్లో శవాలు లేచాయి. ఎవరి తప్పెంత అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. మేమిక్కడ తేల్చబోవడం లేదు.

కానీ ఒక సంగతి మాకు మేమే చెప్పుకోవాలి. ఆ పథకం ముస్లింలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల లెక్కతో తయారైంది. మద్రాసు రాష్ట్రం హిందువులు ఎక్కువగా ఉన్న గ్రూపులో ఉంది. హైదరాబాదు సంస్థానం. గుంటూరు ముస్లింకి, కర్నూలు దూదేకులకి, నల్లగొండ ముస్లిం కౌలుదారుకి ఆ పథకంలో నేరుగా దక్కేది ఏమీ లేదు. మా పేరు చెప్పి బేరం జరిగింది. బేరంలో మేము లేము.

ఒక్క నెలలో మారిన మాట

రాజ్యాంగ సభ 1946 డిసెంబర్ 9న మొదలైంది. 13న నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానాన్ని ఈనాడు తీసి చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. దేశంలోని భాగాలన్నీ స్వయంప్రతిపత్తి గల విభాగాలుగా ఉంటాయని, మిగులు అధికారాలు వాటికే ఉంటాయని అందులో స్పష్టంగా ఉంది. 1947 జనవరి 22న సభ దాన్ని ఆమోదించింది. అంటే ఈ గణతంత్రం మొదటి వాగ్దానం వఫాఖ్.

1947 జూన్ 3న విభజన ప్రకటన వచ్చింది. సరిగ్గా నెల తిరిగాక, జులై 5న, నెహ్రూ అధ్యక్షతలోని కేంద్రాధికారాల కమిటీ తన రెండో నివేదికలో మాట మార్చింది. విభజన ఖాయమైంది కాబట్టి ఇక బలహీనమైన కేంద్రం దేశానికి హాని అంది. మిగులు అధికారాలు కేంద్రానికి వెళ్లిపోయాయి. నేటి రాజ్యాంగంలో 248వ అధికరణ అదే.

కారణాలు లేకపోలేదు. పంజాబు తగలబడబోతోంది. సంస్థానాలు ఐదొందలకు పైగా ఉన్నాయి. బెంగాల్ కరువు మనుషుల్ని మింగి నాలుగేళ్లే అయింది. ఆహారం ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరాలంటే గట్టి కేంద్రం కావాలని నమ్మినవాళ్ల చిత్తశుద్ధిని మేము శంకించడం లేదు. కానీ ఆ కమిటీ తర్కాన్ని ఒకసారి గమనించండి. రాష్ట్రాల స్వేచ్ఛ ప్రజల హక్కే అయితే, లీగు వెళ్లిపోయినంత మాత్రాన అది ఎందుకు పోవాలి? దాన్ని ముస్లింలకు చెల్లించే వెలగానే చూశారు. బేరం తప్పింది, కాబట్టి వెల చెల్లించక్కర్లేదు అనుకున్నారు. సమాఖ్య అన్న మాటకు ముస్లిం రంగు అంటింది అక్కడే. విభజన కోరనివాళ్లకూ, విభజనను అడ్డుకోవడానికే సమాఖ్య కోరిన ఆజాద్‌కూ కలిపి ఆ రంగు పూశారు.

సభలో ఎవరెవరు అడిగారు

ఇప్పుడు రాజ్యాంగ సభ చర్చల్లోకి వెళ్దాం. బలమైన కేంద్రాన్ని ప్రశ్నించింది ముస్లింలేనా?

1948 నవంబర్‌లో మొదటి అధికరణ మీద చర్చ జరిగినప్పుడు ఆర్థికవేత్త కె.టి.షా, భారతదేశాన్ని లౌకిక, సమాఖ్య, సామ్యవాద యూనియన్ అని రాయాలని సవరణ తెచ్చారు. మద్రాసు నుంచి వచ్చిన లీగు సభ్యుడు మహబూబ్ అలీ బేగ్, యూనియన్ అన్న మాట తీసేసి ఫెడరేషన్ అని పెట్టాలన్నారు. రెండూ ఓడిపోయాయి. మన గుంటూరు జిల్లా ఎన్.జి.రంగా, ఇంత కేంద్రీకరణ నిరంకుశత్వానికి దారి తీస్తుంది తప్ప ప్రజాస్వామ్యానికి కాదని హెచ్చరించారు. టంగుటూరి ప్రకాశం గ్రామ పంచాయతీల కోసం వాదించారు. ఆ గాంధేయుల ఒత్తిడి వల్లే కె.సంతానం సవరణతో పంచాయతీల అధికరణ చేరింది. అది కూడా ఆదేశిక సూత్రంగా, అంటే కోర్టులో అడగడానికి వీల్లేని చోట.

1949 ఆగస్టులో అత్యవసర పరిస్థితి అధికరణలు వచ్చాయి. ఐ.సి.ఎస్. వదిలి వచ్చిన హెచ్.వి.కామత్ లేచి, జర్మనీ వైమార్ రాజ్యాంగంలో ఇలాంటి అధికారాలే ఉండేవని, ఆ గుమ్మంలోంచే హిట్లర్ లోపలికి వచ్చాడని గుర్తుచేశారు. ప్రాథమిక హక్కుల కోసం కోర్టుకు వెళ్లే దారి మూసే అధికరణ పాసైన రోజు తనకు సిగ్గుపడే రోజన్నారు. రాష్ట్ర ప్రభుత్వాలను తొలగించే అధికరణను హృదయనాథ్ కుంజ్రూ ప్రశ్నించారు. 1935 చట్టంలో ఇంగ్లీషువాళ్లు గవర్నర్లకు ఇచ్చిన 93వ సెక్షన్‌కు వారసురాలు ఇది. అంబేడ్కర్ జవాబిస్తూ, ఈ అధికరణ ఎప్పుడూ వాడుకలోకి రాకుండా కాగితం మీదే ఉండిపోతుందని ఆశించారు.

షా, రంగా, ప్రకాశం, సంతానం, కామత్, కుంజ్రూ. వీళ్లలో ఎవరినైనా ఇంకో పాకిస్తాన్ కావాలా అని అడిగారా?

ఇక మౌలానా హస్రత్ మొహానీ. 1921 అహ్మదాబాద్ కాంగ్రెస్‌లో, గాంధీ వద్దంటున్నా, సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని తీర్మానం పెట్టిన మనిషి. ఇంక్విలాబ్ జిందాబాద్ నినాదం ఆయన పేరుతోనే ముడిపడి ఉంది. గజల్ కవి. 1925లో కాన్పూరు కమ్యూనిస్టు మహాసభకు ఆహ్వాన సంఘ అధ్యక్షుడు. లీగు టికెట్టు మీద గెలిచి కూడా పాకిస్తాన్ వెళ్లలేదు. సోవియట్ తరహాలో సామ్యవాద రిపబ్లిక్కుల కూటమిగా ఇండియా ఉండాలని ఆయన సభలో పదేపదే సవరణలు తెచ్చారు. సభ విసుక్కునేది. ఆయన చివరిదాకా ఆ రాజ్యాంగాన్ని ఒప్పుకోలేదు. ఆయన సోవియట్ నమూనాలో వఫాఖ్ కాగితం మీదే ఎక్కువని ఇప్పుడు మనకు తెలుసు. అయినా ఆయన ప్రశ్న తప్పు కాదు. భాగాల అనుమతి లేకుండా మొత్తం ఎలా తయారవుతుంది అన్నదే ఆ ప్రశ్న.

ఈ వాదన మన దేశంలోనే పుట్టింది కూడా కాదు. 1787లో అమెరికా రాజ్యాంగం రాసినప్పుడు వర్జీనియాకు చెందిన పాట్రిక్ హెన్రీ, జార్జ్ మేసన్ దాన్ని ఎదిరించారు. పన్ను వేసే చెయ్యి, సైన్యం నడిపే చెయ్యి ఒకటే అయితే ప్రజల హక్కులు దక్కవన్నారు. ఓడిపోయారు. కానీ వాళ్లలాంటివాళ్ల ఒత్తిడి వల్లే 1791లో హక్కుల సవరణలు పది చేరాయి. పత్రికా స్వేచ్ఛ, మత స్వేచ్ఛ అక్కడివే. అయితే దాని రెండో ముఖం కూడా చూడాలి. అదే రాష్ట్రాల హక్కుల జెండా పట్టుకుని దక్షిణాది భూస్వాములు బానిసత్వాన్ని కాపాడుకోజూశారు. హెన్రీ, మేసన్ ఇద్దరూ బానిసల యజమానులే.

అంబేడ్కర్‌ను దాటలేం

ఇక్కడే అంబేడ్కర్ అడ్డం వస్తారు. ఆయన్ని పక్కన పెట్టి ముందుకు పోలేం. 1946 డిసెంబర్‌లోనే తనకు బలమైన కేంద్రం ఇష్టమని ఆయన చెప్పారు. 1948 నవంబర్ 4న ముసాయిదా ప్రవేశపెడుతూ, మన యూనియన్ విభాగాల మధ్య ఒప్పందం వల్ల ఏర్పడింది కాదని, అందుకే ఏ విభాగానికీ విడిపోయే హక్కు లేదని వివరించారు. మా భాషలో చెప్పాలంటే ఇత్తెఫాఖ్ లేని వఫాఖ్. గ్రామ స్వరాజ్యం మాటెత్తినవాళ్లకు, ఊరంటే సంకుచితత్వం, అజ్ఞానం, మతతత్వం నిండిన గుంట అని జవాబిచ్చారు.

వెలివాడలోంచి ఊరిని చూసినవాడు ఆయన. దొరల గడీల కింద, పెద్ద కులాల పంచాయితీల కింద నలిగిన మాకు ఆ మాటలో నిజం తెలుసు. స్థానిక అధికారం అంటే చాలాసార్లు స్థానికంగా బలమున్నవాడి అధికారమే. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత మా పిల్లల్ని పట్టుకుపోయింది ఢిల్లీ పోలీసులు కాదు, మన రాష్ట్ర పోలీసులే. కోర్టులు నిర్దోషులని విడిచిపెట్టేసరికి వాళ్ల చదువులు, కొలువులు పోయాయి. రాష్ట్రం బలపడితే మేము బలపడతామనుకోవడం అమాయకత్వం.

మరి బలమైన కేంద్రం మమ్మల్ని కాపాడిందా? అంబేడ్కర్ నమ్మకానికి చరిత్ర ఏం జవాబిచ్చింది?

మా ఇంటి అనుభవం

హైదరాబాదు దగ్గర మొదలుపెడదాం. ఒక మాట ముందే చెప్పాలి. నిజాం అడిగింది వఫాఖ్ కాదు, తన గద్దె. ఆ గద్దె కోసం రజాకార్లు ఊళ్లు తగలబెట్టారు. ఇండియాలో కలవాలని రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపేశారు. ఉర్దూ పత్రికల్లో పనిచేసే మాకు ఆయన పూర్వీకుడు. ఖాసిం రజ్వీని మా ప్రతినిధి అంటే ఒప్పుకోం.

1948 సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత జిల్లాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లను పంపింది. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని వాళ్లు అంచనా వేశారు. కొన్నిచోట్ల సైనికులే పాల్గొన్నారని, మరికొన్నిచోట్ల సైన్యాధికారులూ హిందూ ఇరుగుపొరుగులూ ముస్లింలను కాపాడారని రాశారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. రజాకార్ల నేరాలు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి, ఎక్కాల్సిందే. ఈ చావులు మా నానమ్మల నోళ్లలోనే మిగిలాయి. బలమైన కేంద్రం చంపినవాళ్లను శిక్షించడానికీ సమర్థురాలే, నివేదికను దాచడానికీ సమర్థురాలే. రెండో పని చేసింది.

ఇంకో సంగతి. రాజ్యాంగ సభలో హైదరాబాదు తరఫున సభ్యులెవరూ లేరు. 1949 నవంబర్ 23న నిజాం ఒక ఫర్మానా ఇచ్చి రాజ్యాంగాన్ని మన తరఫున ఒప్పుకున్నాడు. తెలంగాణ హిందువైనా ముస్లిమైనా ఈ గణతంత్రంలోకి తన ప్రతినిధి ఓటుతో రాలేదు, రాజు సంతకంతో వచ్చాడు. అంతకు ఆరు నెలల ముందే, 1949 మేలో, ముసాయిదాలో ముస్లింలకు ఉన్న రిజర్వుడు సీట్లను సభ తీసేసింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. మా ప్రాంతం నుంచి అవుననడానికీ కాదనడానికీ అక్కడ మనిషి లేడు.

కాగితం మీదే ఉండిపోతుందనుకున్న 356వ అధికరణను వందసార్లకు పైగా వాడారు. 1959లో కేరళలో నంబూద్రిపాద్ ప్రభుత్వం పోయింది. 1975లో కామత్ భయపడిందే జరిగింది. ఎమర్జెన్సీలో కోర్టు తలుపులు మూసుకున్నాక, 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు దగ్గర బుల్‌డోజర్లు ముస్లింల ఇళ్ల మీదికి వచ్చాయి. టాడా కేంద్ర చట్టం. ఆ చట్టం కింద ఏళ్లకేళ్లు జైళ్లలో మగ్గినవాళ్లలో మావాళ్లు ఎంతమందో లెక్క చెప్పక్కర్లేదు.

అన్నిటికీ మించి 1992 డిసెంబర్ 6. కాపాడతామని సుప్రీంకోర్టుకు మాట ఇచ్చిన రాష్ట్ర ప్రభుత్వం చేతులు ఎత్తేసింది. కేంద్ర బలగాలు ఫైజాబాద్‌లో ఉన్నాయి. 356 చేతిలో ఉంది. ప్రధాని మన తెలుగువాడు. మసీదు గుమ్మటాలు ఒకటొకటిగా కూలుతున్న గంటల్లో ఆ బలమంతా ఏమైంది? ప్రభుత్వాన్ని తొలగించింది మసీదు పోయాక. అధికారం లేక ఆగలేదు. వాడాలన్న మనసు లేక ఆగింది. బలమైన కేంద్రం మైనారిటీలకు రక్ష అన్న వాదన ఆ శిథిలాల కింద ఉంది.

అవతలి ఇల్లు

మేము ఇంకో ఇంటి సంగతి కూడా చెప్పకపోతే నిజాయితీ కాదు. ఇండియాలో బలహీనమైన కేంద్రం కావాలన్న లీగు, పాకిస్తాన్ వచ్చాక ఏం చేసింది? 1948 మార్చిలో జిన్నా ఢాకా వెళ్లి ఉర్దూ ఒక్కటే జాతీయ భాష అన్నారు. జనాభాలో ఎక్కువమంది బెంగాలీ మాట్లాడేవాళ్లు. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కోసం బయటికొచ్చిన విద్యార్థుల మీద తూటాలు పేలాయి. 1955లో పశ్చిమాన రాష్ట్రాలన్నిటినీ కలిపి ఒకే యూనిట్ చేశారు. 1971లో దేశమే రెండయింది. ఒకే మతం, ఒకే భాష, ఒకే కేంద్రం అన్నచోట ఐక్యత పాతికేళ్లు కూడా నిలవలేదు. మా అమ్మభాష పేరు మీద అక్కడ సాగిన దాష్టీకానికి మేము సిగ్గుపడుతున్నాం. ఆ పాఠం ఇక్కడివాళ్లు కూడా నేర్చుకోవాలని అడుగుతున్నాం.

మూడో అధికరణ సంగతి చూస్తే మన మెలిక ఇంకా తెలుస్తుంది. రాష్ట్రాల సరిహద్దుల్ని మార్చడానికి పార్లమెంటుకు మామూలు మెజారిటీ చాలు. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, పాటించక్కర్లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిప్పికొట్టింది. ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. బలమైన కేంద్రం లేకపోతే అది వచ్చేది కాదేమో. మాలో చాలామంది ఆ రోజు సంబరం చేసుకున్నాం. ఐదేళ్లకు, 2019 ఆగస్టు 5న, అదే అధికారంతో జమ్మూకాశ్మీర్ రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చారు. అభిప్రాయం చెప్పడానికి అక్కడ శాసనసభే లేదు. రాష్ట్రపతి పాలనలో ఉన్న రాష్ట్రం తరఫున పార్లమెంటే తనను తాను అడుక్కుంది. మొదటిసారి సంబరపడ్డవాళ్లం రెండోసారి ఆ అధికారం ఎక్కణ్ణించి వచ్చిందని అడగడానికి కొంచెం తడబడ్డాం. ఇద్దరికీ న్యాయం చేసే సూత్రం మనం అప్పుడు వెతుక్కోలేదు.

మాకు బలహీనమైన దేశం అక్కర్లేదు. కేంద్రంలో ఎవరున్నా, రాష్ట్రంలో ఎవరున్నా, ఊళ్లో ఎవరున్నా వాళ్ల చెయ్యి ఆపే హక్కు కిందివాళ్లకు ఉండాలి. ఒక ప్రాంతపు తలరాత మార్చేటప్పుడు ఆ ప్రాంతపు మనుషుల ఒప్పుదల తప్పనిసరి కావాలి. రాష్ట్రాలకు అధికారం ఇవ్వమని అడిగేవాళ్లు, ఆ రాష్ట్రంలోని మైనారిటీకి, దళితుడికి, ఆడదానికి అందులో ఎంత వాటా అన్నది కూడా అదే నోటితో చెప్పాలి. ఆజాద్ అడిగినదాన్ని అంబేడ్కర్ భయంతో కలిపి చదవాలి. ఒకరిని వదిలి ఇంకొకరిని చదివితే సగం చరిత్రే చేతికొస్తుంది.

ఆ సభలో వెనక వరసలోంచి వచ్చిన ప్రశ్నకు ఆ రోజు మావాడు జవాబు చెప్పలేక కూర్చున్నాడు. 1946లో మేము అడిగింది విడిపోవడానికి కాదని, కలిసి ఉండే పద్ధతి గురించని అప్పుడే చెప్పాల్సింది. ఆ పద్ధతి ఇంకా తేలలేదు. అందుకే మళ్లీ అడుగుతున్నాం.